డండీలో ఒక పాత దుకాణం చరిత్ర వెతకడం ఎలా: కుటుంబం, వృత్తి, వ్యాపారం, అంచెలంచెలుగా

స్కాట్లాండ్‌కి చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చి స్థిరపడిన మనవాళ్ళు తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "మేం అద్దెకుంటున్న ఫ్లాట్ కింద ఒకప్పుడు బేకరీ ఉండేదట. అది ఎవరిది? ఆ కుటుంబం ఏమైంది? ఎక్కడ తెలుస్తుంది?" భీమిలి, నెల్లిమర్ల వైపు వాళ్ళు ఇంకోలా అడుగుతారు. "మా తాతగారు జూట్ మిల్లులో చేసేవారు. డండీ దొరల మాట ఎప్పుడూ వచ్చేది. వాళ్ళ గురించి ఎలా వెతకాలి?"

రెంటికీ దారి ఒకటే. ఈ వ్యాసంలో జూట్ మిల్లులకు పేరుపడిన స్కాటిష్ నగరం డండీని ఉదాహరణగా తీసుకున్నాను. పెయిస్లీ, కిర్కాడీ, హాయిక్, ఇంకే స్కాటిష్ పట్టణానికైనా ఇదే వరస పనికొస్తుంది. ఊరి ఆర్కైవ్ పేరు మారుతుందంతే.

మొత్తం పనికి సూత్రం ఒక్కటే. పేరు పట్టుకుని మొదలుపెట్టకండి, చిరునామా పట్టుకుని మొదలుపెట్టండి.

కారణం ఉంది. స్కాట్లాండ్‌లో పాత కుటుంబాలు మనలాగే తాత పేరు మనవడికి పెట్టేవి. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు పెట్టడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. దానివల్ల నలుగురు అన్నదమ్ముల పెద్దకొడుకులు నలుగురూ ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో, ఒక్కోసారి ఒకే వృత్తిలో కనిపిస్తారు. పేరుతో వెతికితే మనుషులు కుప్పలుగా వచ్చిపడతారు. వీధి, నంబరు, సంవత్సరం కలిపి వెతికితే సాధారణంగా ఒక్కరే మిగులుతారు.

1. ముందు ప్రశ్నను కుదించుకోండి

"డండీ వ్యాపారాల చరిత్ర" ఒక జీవితకాలం పని. "ఫలానా వీధిలో ఫలానా నంబరులో 1880 నుంచి 1914 దాకా ఎవరు ఏ వ్యాపారం చేశారు" అన్నది కొన్ని వారాంతాల్లో తేలే పని. ఇలాంటిదానితో మొదలుపెట్టండి.

మొదట్లోనే పెద్ద కుటుంబాల జోలికి వెళ్ళకండి. లోచీలో క్యాంపర్‌డౌన్ వర్క్స్ అనే మిల్లు నడిపిన కాక్స్ సోదరులు, డెన్స్ వర్క్స్ మిల్లు బాక్స్‌టర్లు, కేర్డ్ హాల్‌కి డబ్బిచ్చిన సర్ జేమ్స్ కేర్డ్ గురించి ఇప్పటికే చాలా రాశారు. మూలమీద కిరాణా కొట్టు పెట్టుకున్నవాడి గురించి, భర్త పోయాక అదే కొట్టు నడిపి పిల్లల్ని పెంచిన ఇల్లాలి గురించి ఎవరూ రాయలేదు. ఊరి చరిత్రలో అసలు లోటు అక్కడుందని నేను గట్టిగా నమ్ముతాను.

మొదలుపెట్టే ముందు ఇవి సిద్ధంగా ఉండాలి:

- ఒక కట్టడం, లేదా రెండు సందుల మధ్య ఒక వీధి ముక్క
- మొదటి సంవత్సరం, చివరి సంవత్సరం. చివరిది 1921 దాటకపోతే మంచిది, బతికున్నవాళ్ళ వివరాల జోలికి పోనక్కర్లేదు
- ఒక స్ప్రెడ్‌షీట్: సంవత్సరం, చిరునామా, రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా పేరు, వృత్తి, ఏ రికార్డు, పేజీ నంబరు, చూసిన తేదీ
- అదే షీట్‌లో చివర "నా అనుమానం" అని విడిగా ఒక గడి

ఆ చివరి గడి మాత్రం తప్పనిసరి. రికార్డు చెప్పింది ఒకటి, మనం ఊహించింది ఒకటి. రెండూ ఒకే గడిలో రాస్తే కొన్నాళ్ళకి ఏది ఏదో మనకే తెలియదు.

2. పటం తెరవండి

నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వారి మ్యాప్స్ వెబ్‌సైట్ ఉచితం. అందులో ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటిష్ ప్రభుత్వ పటాల సంస్థ) వాళ్ళు 1847 నుంచి 1895 మధ్య తయారుచేసిన పెద్ద స్కేలు టౌన్ ప్లాన్లు ఉన్నాయి. 1:500 స్కేలు పటాల్లో గోడలు, పెరటి షెడ్లు, మెట్లు కూడా కనిపిస్తాయి. పాత పటాన్ని నేటి పటం మీద పరిచి, పారదర్శకత తగ్గిస్తూ పెంచుతూ చూడొచ్చు.

పటంలో మూడు విషయాలు రాసుకోండి. మీ కట్టడానికి రెండు వైపులా ఉన్న అడ్డవీధుల పేర్లు, లోపలికి వెళ్ళే సందుల పేర్లు, దగ్గర్లో కదలని గుర్తు ఒకటి (చర్చి, బ్యాంకు, బడి ఏదైనా సరే). సందుల పేర్లను తేలిగ్గా తీసుకోకండి. పాత స్కాటిష్ పట్టణాల్లో 'క్లోజ్', 'వైండ్', 'పెండ్' అనే ఇరుకు సందులే చాలామందికి చిరునామా. రికార్డులో వీధి నంబరు ఉండదు, సందు పేరే ఉంటుంది.

డండీలో ఇంకో చిక్కుంది. 1871 ఇంప్రూవ్‌మెంట్ చట్టం కింద నగరం నడిబొడ్డున వీధులు వెడల్పు చేశారు. తర్వాత 1960లలో పాత ఓవర్‌గేట్ వీధిని దాదాపు మొత్తం కూల్చేశారు. కాబట్టి పాత నంబరు, కొత్త నంబరు ఒకటే అనుకోకూడదు. మూలమీది చర్చి నుంచి ఎన్నో తలుపో లెక్కపెట్టి, రెండు వేర్వేరు సంవత్సరాల్లో సరిచూసుకోవాలి.

3. పోస్టాఫీసు డైరెక్టరీలు

ఇవి ఊళ్ళో వ్యాపారుల, ఇంటి పెద్దల పేర్లు, చిరునామాలు ఉన్న పుస్తకాలు. 1773 నుంచి 1911 దాకా వచ్చిన 700 పైచిలుకు స్కాటిష్ డైరెక్టరీలను నేషనల్ లైబ్రరీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. డండీవి అందులో బాగానే ఉన్నాయి. చాలా సంచికల్లో పేర్ల అక్షరక్రమ జాబితా, వృత్తుల వారీ జాబితా ఉంటాయి. కొన్నిటిలో వీధుల వారీ జాబితా కూడా ఉంటుంది.

చేయాల్సిన వరస:

1. మీ కాలానికి మధ్యలో ఉన్న ఒక సంచిక తీసుకోండి.
2. వీధుల జాబితా ఉంటే మీ నంబరు దగ్గర ఎవరున్నారో రాసుకోండి. లేకపోతే వృత్తుల జాబితాలో బేకర్లు, కిరాణా వర్తకులు ఇలా ఒక్కో శీర్షిక కింద మీ వీధి పేరు వెతకండి.
3. దొరికిన పేరును అక్షరక్రమ జాబితాలో చూడండి. కొట్టు చిరునామా, ఇంటి చిరునామా రెండూ ఉండొచ్చు.
4. అక్కడినుంచి ఒక్కో సంచిక వెనక్కి, తర్వాత ముందుకి వెళ్ళండి. పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అదే మీ కాలరేఖ.

సెర్చ్ బాక్స్‌ని పూర్తిగా నమ్మకండి. పాత అచ్చును యంత్రం చదివేటప్పుడు అక్షరాలు తారుమారవుతాయి. పేజీలు తిప్పి కళ్ళతో చూడటమే నయం.

డైరెక్టరీలో ఎవరు లేరో కూడా గుర్తుంచుకోవాలి. మిల్లు కార్మికులు దాదాపు ఉండరు. అద్దె గదుల్లో ఉన్నవాళ్ళు ఉండరు. ఇంటిదగ్గర బట్టలు కుట్టి, ఇస్త్రీ చేసి సంపాదించిన ఆడవాళ్ళు చాలా తక్కువ. డండీలాంటి, ఆడవాళ్ళ చేతి కష్టం మీద నడిచిన ఊళ్ళో అది చాలా పెద్ద ఖాళీ. డైరెక్టరీ ఒక్కటే చూసి ఊరి కథ రాస్తే ఊళ్ళో సగం మంది కనబడకుండా పోతారు.

4. మే నెల సంగతి

ఇది తెలియక చాలామంది తికమకపడతారు, అందుకే విడిగా రాస్తున్నాను.

స్కాట్లాండ్‌లో అద్దె ఒప్పందాలు జనవరి నుంచి డిసెంబరు దాకా నడిచేవి కావు. విట్సండే (మే 15), మార్టిన్‌మస్ (నవంబరు 11) అనే గడువుల ప్రకారం నడిచేవి. 1886 చట్టం తర్వాత పట్టణాల్లో ఇల్లు మారే రోజు మే 28గా స్థిరపడింది. మే నెలాఖరులో ఊరంతా సామాన్లు కట్టుకుని తిరిగేదన్నమాట.

డైరెక్టరీలు, పన్ను రికార్డులు ఈ లెక్కనే తయారయ్యేవి. అందుకే డైరెక్టరీ అట్టమీద "1874-75" అని జంట సంవత్సరాలుంటాయి. 1871 సెన్సస్ ఏప్రిల్ 2న తీశారు. అప్పుడు ఒక ఇంట్లో ఉన్న కుటుంబం, రెండు నెలలు తిరక్కుండానే వేరే చిరునామాలో కనిపించొచ్చు. రెండు రికార్డులు గొడవపడుతున్నట్టు అనిపిస్తే ముందు నెల చూడండి.

5. వాల్యుయేషన్ రోల్స్: ఎవరిది, ఎవరున్నారు, ఎంత అద్దె

1854 చట్టంతో మొదలైన ఈ రికార్డుల్లో ప్రతి ఆస్తికీ యజమాని, అద్దెదారు, అందులో ఉన్నవాళ్ళు, ఏడాది అద్దె విలువ రాసేవాళ్ళు. దుకాణం చరిత్రకు ఇంతకు మించిన రికార్డు నాకు కనబడలేదు. 1855 నుంచి 1940 దాకా ఎంపిక చేసిన సంవత్సరాలవి స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ రికార్డుల వెబ్‌సైట్‌లో ఉన్నాయి. మధ్య సంవత్సరాలు కావాలంటే డండీ సిటీ ఆర్కైవ్స్‌ని గానీ ఎడిన్‌బరోలో నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్‌ని గానీ అడగాలి.

ఇక్కడ ఒక్క పేరు చూసి వచ్చేయకండి. వీధి మొత్తం కాపీ చేసుకోండి. అప్పుడు కొన్ని విషయాలు వాటంతటవే బయటపడతాయి: పక్క పక్క కొట్లన్నీ ఒకే యజమానివని, కొట్టు అద్దె పదేళ్ళలో రెట్టింపయిందని, పైఅంతస్తులో ఉన్నవాళ్ళే కింద కొట్టు నడుపుతున్నారని. ఏడాది అద్దె నాలుగు పౌండ్ల లోపు ఉంటే అద్దెదారు పేరు రాయడం తప్పనిసరి కాదు. కాబట్టి పేరు లేనంత మాత్రాన ఇల్లు ఖాళీ అనుకోవద్దు.

6. సెన్సస్: కొట్టు వెనక ఉన్న ఇల్లు

1841 నుంచి 1921 దాకా, పదేళ్ళకొకటి చొప్పున, ఇవి కూడా స్కాట్లాండ్స్‌పీపుల్‌లోనే ఉంటాయి. ఖాతా తెరిచి సూచీ వెతకడం ఉచితం. అసలు పేజీ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. ఒకసారి డబ్బు కట్టి చూసిన పేజీ మీ ఖాతాలో ఉండిపోతుంది, మళ్ళీ కట్టక్కర్లేదు.

ఏ సెన్సస్‌లో ఏం దొరుకుతుందో తెలిసి వెళితే డబ్బు మిగులుతుంది:

- 1841: పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసు సాధారణంగా ఐదు గుణకానికి తగ్గించి రాశారు. 39 ఏళ్ళవాడు 35 అని ఉంటాడు. ఇంటి పెద్దకి ఎవరు ఏమవుతారో ఉండదు.
- 1851 నుంచి: బంధుత్వం, పుట్టిన ఊరు ఉంటాయి. "ఇద్దరు పనివాళ్ళు, ఒక కుర్రాడు" అంటూ యజమాని దగ్గర ఎంతమంది ఉన్నారో 1881 దాకా చాలాచోట్ల రాశారు.
- 1861 నుంచి: కిటికీ ఉన్న గదులెన్నో ఉంటుంది. కుటుంబం స్థితి అంచనాకి చాలా పనికొస్తుంది.
- 1891 నుంచి: యజమానా, కూలీనా అన్నది గడిలో గుర్తు పెట్టారు.
- 1921: ఎవరి దగ్గర పని, ఎక్కడ పని అన్నదీ ఉంటుంది. మిల్లు కుటుంబాలకు ఇది నిధి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హిల్‌టౌన్‌లో ఒక బేకరీ. డైరెక్టరీలో 1878-79 నుంచి ఒకాయన పేరుంది. 1885 వాల్యుయేషన్ రోల్‌లో ఆయన అద్దెదారు, కొట్టూ పైన ఇల్లూ ఆయనవే. 1881 సెన్సస్‌లో ఆయన వయసు 34, పుట్టింది కిరిమ్యూర్‌లో, ఇంట్లో భార్య, నలుగురు పిల్లలు, పనివాడిగా బావమరిది. 1891లో ఆయన లేరు. భార్య ఇంటి పెద్ద, వృత్తి "బేకర్", యజమాని గడిలో గుర్తు. అయినా డైరెక్టరీలో ఇంకా ఆయన పేరే అచ్చవుతోంది.

ఇప్పుడు మీరు వెతకాల్సిన మరణ ధృవపత్రం 1885కీ 1891కీ మధ్యలో ఉంది. బావమరిది పుట్టిన ఊరు చూస్తే భార్య పుట్టింటి జాడ దొరుకుతుంది. చిరునామాతో మొదలుపెడితే కథ ఇలా ఒకదాన్నుంచి ఒకటి విప్పుకుంటూ వస్తుంది.

డండీ చిరునామాల్లో ఒక జాగ్రత్త. టెనెమెంట్లలో, అంటే చాలా కుటుంబాలుండే అంతస్తుల ఇళ్ళలో, ఒకే మెట్లదారికి ఒకే నంబరు. ఆ నంబరులో పది కుటుంబాలైనా ఉండొచ్చు. ఒకే నంబరు కనబడగానే ఒకే ఇల్లు అనుకోకండి.

7. పుట్టుక, పెళ్ళి, మరణం

స్కాట్లాండ్‌లో ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఇక్కడి ధృవపత్రాలు ఇంగ్లాండ్ వాటికంటే ఎంతో వివరంగా ఉంటాయి. మరణ పత్రంలో తల్లిదండ్రులిద్దరి పేర్లు, తల్లి పుట్టింటి పేరు, తండ్రి వృత్తి ఉంటాయి. పెళ్ళి పత్రంలో రెండువైపులా తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. జనన పత్రంలో తల్లిదండ్రుల పెళ్ళి తేదీ, ఊరు ఉంటాయి (1856 నుంచి 1860 దాకా మాత్రం ఉండవు). 1855 ఒక్క సంవత్సరం పత్రాల్లో మిగతావాటికంటే ఇంకా ఎక్కువ వివరాలున్నాయి. మీ కుటుంబంలో ఆ ఏడాది ఏ నమోదు జరిగినా ముందు అదే తెప్పించుకోండి.

ఆన్‌లైన్‌లో చిత్రాలు చూడటానికి గడువులున్నాయి: జననాలు వందేళ్ళు, పెళ్ళిళ్ళు 75 ఏళ్ళు, మరణాలు 50 ఏళ్ళు దాటినవే కనిపిస్తాయి. కొత్తవి చూడాలంటే ఎడిన్‌బరోలో స్కాట్లాండ్స్‌పీపుల్ సెంటర్‌కి వెళ్ళాలి.

ఆడవాళ్ళను వెతికేటప్పుడు పుట్టింటి పేరు తప్పకుండా వాడండి. స్కాటిష్ రికార్డుల్లో పెళ్ళయిన స్త్రీ మరణం పుట్టింటి పేరుతోనూ అత్తింటి పేరుతోనూ సూచీలో ఉంటుంది. సమాధి రాళ్ళమీద కూడా పుట్టింటి పేరే చెక్కడం మామూలు. రెండు తరాలకి ముందు కుటుంబం దొరకాలంటే మంచి తాళంచెవి అదే.

8. వృత్తుల పేర్లు చదవడం

కొన్ని మాటలు తప్పుగా అర్థం చేసుకుంటే కుటుంబం కథే మారిపోతుంది. ఈ జాబితా పక్కన పెట్టుకోండి.

- ఫ్లెషర్: మాంసం కొట్టు నడిపేవాడు
- బాక్స్‌టర్: రొట్టెలు చేసేవాడు
- కార్డినర్: చెప్పులు చేసేవాడు
- రైట్: వడ్రంగి
- హామర్‌మన్: కమ్మరి, కంచరి, తాళాలు చేసేవాళ్ళు అందరూ
- రైటర్: లాయరు, రచయిత కాదు
- ఫ్యాక్టర్: ఇళ్ళ అద్దెలు వసూలు చేసి ఆస్తి చూసుకునే ఏజెంటు, ఫ్యాక్టరీ యజమాని కాదు
- టెంటర్: మగ్గాలు సరిచేసే మెకానిక్

డండీలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "ఫ్లాక్స్ స్పిన్నర్" (అవిసెనార వడికేవాళ్ళు). వందల మందికి పనిచ్చిన మిల్లు యజమాని కూడా సెన్సస్‌లో ఫ్లాక్స్ స్పిన్నరే, ఆ మిల్లులో పదిహేనేళ్ళ పిల్ల కూడా ఫ్లాక్స్ స్పిన్నరే. తేడా తెలియాలంటే ఇంటి గదులు చూడాలి, పనిమనుషులు ఉన్నారేమో చూడాలి, వాల్యుయేషన్ రోల్‌లో అద్దె చూడాలి.

9. 1855కి ముందు

ఇక్కడ రికార్డులు పలచబడతాయి. ఓపిక కావాలి.

చర్చి రిజిస్టర్లు మొదటి ఆధారం. స్కాట్లాండ్‌లో మిగిలినవాటిలో పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నాటిది. చాలా ఊళ్ళవి అంత వెనక్కి వెళ్ళవు. పైగా జాతీయ చర్చి నుంచి విడిపోయిన వర్గాలవాళ్ళు, కాథలిక్కులు ఆ పుస్తకాల్లో లేకపోవచ్చు. వాళ్ళ రిజిస్టర్లు విడిగా వెతకాలి.

వృత్తుల చరిత్రకు అంతకంటే మంచిది బర్జెస్ పుస్తకం. రాయల్ బర్గ్ హోదా (రాజు ఇచ్చిన పట్టణ హోదా) ఉన్న ఊళ్ళో వ్యాపారం చేసుకునే హక్కు బర్జెస్‌లకే, అంటే పట్టణ హక్కులు పొందిన పౌరులకే, ఉండేది. ఆ గుత్తహక్కు 1846 చట్టంతో పోయింది. డండీ బర్జెస్‌ల పేర్లున్న 'లాకిట్ బుక్' 1513 నుంచి మొదలవుతుంది. బర్జెస్ కావాలంటే తండ్రి బర్జెస్ అయినా అయ్యుండాలి, మామగారైనా అయ్యుండాలి, శిష్యరికమైనా చేసుండాలి, లేదా రుసుము కట్టుకోవాలి. అందుకే "ఫలానావాడి కూతురిని చేసుకున్న హక్కుతో" లాంటి మాట కనబడుతుంది. ఆ ఒక్క ముక్కలో రెండు కుటుంబాలు, ఒక పెళ్ళి, ఒక వృత్తి దొరుకుతాయి.

వీటితో పాటు వృత్తి సంఘాల మినిట్ పుస్తకాలున్నాయి. డండీలో అవి తొమ్మిది: బేకర్లు, చెప్పులవాళ్ళు, చేతితొడుగులు చేసేవాళ్ళు, దర్జీలు, టోపీలవాళ్ళు, మాంసం కొట్లవాళ్ళు, హామర్‌మెన్, నేతవాళ్ళు, అద్దకంవాళ్ళు. శిష్యులుగా ఎవరు చేరారు, ఏ మేస్త్రీ పోతే ఏ ఇల్లాలికి సాయం అందింది, ఇలాంటివన్నీ ఈ పుస్తకాల్లో వెతకాలి.

ఈ మెట్టు దాకా వచ్చాక హౌఫ్‌కి ఒక్కసారి వెళ్ళండి. నగరం మధ్యలో ఉన్న ఈ శ్మశానం నేలను 1564లో స్కాట్లాండ్ రాణి మేరీ ఊరికి ఇచ్చింది. తర్వాత రెండు శతాబ్దాలు వృత్తి సంఘాలు ఇక్కడే సమావేశమయ్యేవి. రాళ్ళమీద సుత్తి, కత్తెర, నాడె, రొట్టెలు తీసే పొడవాటి చెక్క గరిటె చెక్కి ఉంటాయి. పేరు అరిగిపోయినా వృత్తి కనబడుతుంది. ఫోటో తీయడానికి ఎండ వాలుగా పడే ఉదయమో సాయంత్రమో మంచిది. రాయిని గీకడం, సుద్ద రుద్దడం, నురగ పూయడం చేయకండి. ఆ ఇసుకరాయి ఒకసారి ఊడితే మళ్ళీ రాదు. ఖననాల జాబితాను ఫ్రెండ్స్ ఆఫ్ డండీ సిటీ ఆర్కైవ్స్ వాలంటీర్లు డేటాబేస్‌గా చేసిపెట్టారు. ముందు అది చూసి వెళితే సగం వెతుకులాట తప్పుతుంది.

తేదీల విషయంలో ఒక గమనిక. స్కాట్లాండ్‌లో 1600 నుంచి సంవత్సరం జనవరి 1న మొదలవుతుంది. ఇంగ్లాండ్‌లో 1752 దాకా మార్చి 25న మొదలయ్యేది. రెండు దేశాల రికార్డులు కలుపుతున్నప్పుడు జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలు రెండుసార్లు చూసుకోండి. పాత లెక్కల్లో "స్కాట్స్ పౌండు" ఉంటే దాని విలువ స్టెర్లింగ్ పౌండులో పన్నెండో వంతే.

10. వ్యాపారం లెక్కలు ఎక్కడ దొరుకుతాయి

చిన్న కొట్టు ఖాతా పుస్తకాలు దాదాపు మిగలవు. కానీ వ్యాపారి చనిపోయినప్పుడు, దివాలా తీసినప్పుడు, భాగస్వామితో విడిపోయినప్పుడు కాగితం పుడుతుంది. ఆ మూడు సందర్భాలనే వెతకండి.

చనిపోయినప్పుడు: 1513 నుంచి 1925 దాకా వీలునామాలు, ఆస్తి జాబితాలు స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఉన్నాయి. కొట్లో సరుకు విలువ, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు జాబితాలో ఉంటే మీ అదృష్టం. బాకీదారుల పేర్లే ఆ కొట్టు ఖాతాదారుల పేర్లు. 1868కి ముందు భూమి, ఇల్లు వీలునామాతో ఇవ్వడానికి వీలుండేది కాదు, అవి వారసత్వ చట్టం ప్రకారం పోయేవి. కాబట్టి జాబితాలో ఇల్లు లేదని పేదవాడనుకోవద్దు. స్థిరాస్తి సంగతికి 1617 నుంచి ఉన్న సేసిన్ రిజిస్టర్ (స్థిరాస్తి హక్కుల బదిలీల పుస్తకం) చూడాలి.

దివాలా తీసినప్పుడు, విడిపోయినప్పుడు: ప్రభుత్వ ప్రకటనల పత్రిక ఎడిన్‌బరో గెజెట్‌లో ప్రకటన వస్తుంది. ఆన్‌లైన్‌లో ఉచితం. పేరు, వృత్తి, చిరునామా, అప్పులవాళ్ళ సమావేశం ఎప్పుడు ఎక్కడ అన్నీ ఉంటాయి. దివాలా కేసు కాగితాలు నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్‌లో ఉండొచ్చు. మూతపడిన లిమిటెడ్ కంపెనీల ఫైళ్ళు కూడా అక్కడే, బీటీ2 అనే వరుసలో ఉన్నాయి. వాటాదారుల జాబితా దొరికితే చుట్టరికాలు బయటపడతాయి.

పత్రికలు: డండీ కొరియర్, డండీ అడ్వర్‌టైజర్. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో పేరుతో కాక "వీధి నంబరు + వీధి పేరు"తో వెతకండి. పనివాడు కావాలన్న చిన్న ప్రకటన, అగ్నిప్రమాదం వార్త, సరుకు వేలం ఇలా దొరుకుతాయి.

పెద్ద మిల్లులైతే దారి సులువు. యూనివర్సిటీ ఆఫ్ డండీ ఆర్కైవ్స్‌లో కాక్స్ బ్రదర్స్, 1920లో పలు కంపెనీలు కలిసి ఏర్పడిన జూట్ ఇండస్ట్రీస్ లాంటి సంస్థల రికార్డులున్నాయి. ఆర్కైవ్‌కి ముందే ఈమెయిల్ పెట్టి, కావాల్సిన ఫైలు నంబర్లు రాసి, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి. పెన్సిలు తీసుకెళ్ళండి, పెన్ను అనుమతించరు.

11. కలకత్తా, భీమిలి దారి

1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో మొదటి జూట్ మిల్లు డండీ యంత్రాలతో మొదలైంది. ఆ తర్వాత డండీ నుంచి ఓవర్సీర్లు, మెకానిక్కులు, మేనేజర్లు తరాల తరబడి బెంగాల్ వెళ్ళారు. మన తీరానికీ ఈ వర్తకంలో చోటుంది. భీమునిపట్నం రేవు పేరుమీదే మన గోగునార అంతర్జాతీయ వ్యాపారంలో "బిమ్లిపటం జూట్" అయింది.

మీరు వెతికే డండీ కుటుంబంలో ఒక మనిషి రెండు సెన్సస్‌ల మధ్య మాయమై, తర్వాత పిల్లల పుట్టిన ఊరు "ఇండియా" అని కనిపిస్తే ఈ వరసలో వెళ్ళండి:

1. బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో బెంగాల్ బాప్తిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు
2. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ ఉచిత డేటాబేస్
3. థాకర్స్ డైరెక్టరీ: మిల్లుల వారీగా మేనేజర్, ఇంజినీర్ల పేర్లుంటాయి
4. కలకత్తాలో కరయా రోడ్డు స్కాటిష్ శ్మశానం
5. యూనివర్సిటీ ఆఫ్ డండీలో థామస్ డఫ్ కంపెనీ రికార్డులు, హుగ్లీ మిల్లులను నడిపినవాళ్ళవి

ఆ రికార్డుల్లో దొరల పేర్లు నిండుగా ఉంటాయి. కూలీల పేర్లు అరుదు. మన ప్రాంతం నుంచి ఆ మిల్లులకు పనికెళ్ళినవాళ్ళ సంగతి కావాలంటే కుటుంబాల్లో పెద్దవాళ్ళను అడగటమే దారి. అది ఆలస్యం చేయకూడని పని.

12. మనుషులను అడగడం

డండీలో ఆఖరి జూట్ మిల్లు 1999 ప్రాంతంలో మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. "మిల్లు గురించి చెప్పండి" అంటే రెండు మాటల్లో ముగిస్తారు. పాత పటమో ఫోటోనో ముందు పెట్టి చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. "మీరు వీవరా (నేసేవారా), స్పిన్నరా (వడికేవారా)?" అన్నది మొదటి ప్రశ్న. వీవర్లు ఒక మెట్టు పైవాళ్ళమనుకునేవాళ్ళు, టోపీ, చేతితొడుగులు వేసుకుని పనికి వెళ్ళేవాళ్ళు. "బమ్మర్ ఎన్నింటికి మోగేది?" అని మిల్లు సైరన్‌ని వాళ్ళ మాటతోనే అడిగితే ముఖం విప్పారుతుంది. "ఆ చప్పుడులో ఎలా మాట్లాడుకునేవాళ్ళు?" అంటే పెదాలు చదవడం, చేతి సైగలు చేసి చూపిస్తారు.

రికార్డు చేసే ముందు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బతికున్నవాళ్ళ పేర్లు, చిరునామాలు వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి.

13. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

- పేరు, వయసు కలిసింది కాబట్టి అతనే అనుకోవడం. సవరణ: చిరునామా, భార్య పుట్టింటి పేరు, పుట్టిన ఊరు. ఈ మూడిట్లో రెండైనా కలవాలి.
- దుకాణం పేరు కొనసాగింది కాబట్టి కుటుంబం కొనసాగిందనుకోవడం. వ్యాపారం కొన్నవాళ్ళు పాత బోర్డు పేరే ఉంచేవాళ్ళు. సవరణ: వాల్యుయేషన్ రోల్‌లో అద్దెదారు పేరు.
- గోడమీద "స్థాపితం" అని చెక్కిన సంవత్సరాన్ని యథాతథంగా రాసుకోవడం. అది ఇంకో చోట, ఇంకో భాగస్వామితో మొదలైన సంవత్సరం కావచ్చు. సవరణ: డైరెక్టరీలో మొదటిసారి ఎక్కడ కనబడిందో చూడండి.
- ఇంటర్నెట్‌లో ఎవరో వేసిన వంశవృక్షాన్ని ఎత్తుకోవడం. సవరణ: దాన్ని జాడగా వాడండి, అసలు పత్రం చూసేదాకా "నా అనుమానం" గడిలోనే ఉంచండి.
- ఇంటిపేరు ఒకే స్పెల్లింగ్‌తో వెతకడం. "మ్యాక్", "ఎంసీ" మొదళ్ళు, చివరి రెండో "ఎన్", ఇవన్నీ మార్చి మార్చి చూడండి. రాసిన గుమాస్తా విన్నట్టు రాశాడు.

14. రాసి, అందరికీ దొరికేలా పెట్టడం

కాలక్రమంలో రాయండి, ప్రతి వాక్యానికీ ఏ రికార్డో పక్కన చెప్పండి. స్కాట్లాండ్స్‌పీపుల్ చిత్రాలను అలాగే ప్రచురించకూడదు, అనుమతి అడగాలి. అందులోని సమాచారాన్ని మీ మాటల్లో రాసుకోవచ్చు.

ఒక ప్రతి వెల్‌గేట్ సెంట్రల్ లైబ్రరీలోని లోకల్ హిస్టరీ సెంటర్‌కి ఇవ్వండి, ఇంకోటి టే వ్యాలీ ఫ్యామిలీ హిస్టరీ సొసైటీకి పంపండి. ఫైలు పేరులో వీధి, నంబరు, సంవత్సరాలు ఉండాలి. మీ పేరు లోపల ఉంటే చాలు. తెలుగులో రాస్తే మొదటి పేజీలో ఆ వీధి పేరు, కుటుంబం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పెట్టండి, లైబ్రరీ వాళ్ళు సూచీలో ఎక్కించుకోగలుగుతారు.